కప్లర్‌కు కప్లరే అంటారు, మరి లోపల ఏం జరుగుతుంది? కారు వైరింగ్ చిక్కుముడి

కొత్త కారు ఇంటికొచ్చి నెల తిరగకముందే హన్మకొండలో చాలామంది డెకార్ షాపు గడప తొక్కుతారు. బేస్ మోడల్ కొని, మిగిలిన డబ్బుతో పెద్ద టచ్ స్క్రీన్, వెనక కెమెరా, ఎల్ఈడీ బల్బులు బయట వేయించుకుంటే లక్ష మిగులుతుందన్నది లెక్క. షాపులో భరోసా గట్టిగానే ఇస్తారు: "వైరు ఒక్కటి గూడ కొయ్యం సార్, అంత కప్లర్‌కు కప్లరే. వారంటీకేం గాదు." కప్లర్ అంటే వైరు కోయకుండా ఒకదానిలోకి ఒకటి బిగించే ప్లగ్గు. అదే కారు మొదటి సర్వీసుకు పోయినప్పుడు అక్కడి అడ్వైజర్ డాష్‌బోర్డు కింద టార్చి కొట్టి చూసి పెదవి విరుస్తాడు: "బయట పని చేయించిండ్రు గదా సార్, ఇగ ఎలక్ట్రికల్ క్లెయిమ్ కష్టం."

ఇద్దరిలో ఎవరూ పచ్చి అబద్ధం ఆడటం లేదు. కాకపోతే ఒకదానితో ఒకటి పోలిక లేని పనులన్నిటినీ ఇద్దరూ ఒకే గాటన కట్టేస్తున్నారు. బయట బిగించే వస్తువు ఏదైనా కారు వైరింగ్ దగ్గర చేసేది మూడింట్లో ఒకటి: కరెంటు తీసుకుంటుంది, లేదా కారు భాగాల మధ్య నడిచే మాటలు వింటుంది, లేదా తానూ అందులో దూరి మాట్లాడుతుంది. నష్టమైనా, చట్టమైనా, వారంటీ అయినా వీటిలో ఏ పని జరుగుతోందన్న దాన్ని బట్టే మారుతుంది. వైరు కోశారా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

రెండు సన్నని వైర్ల మీద నడిచే కారు

అంబాసిడర్ రోజుల్లో లెక్క సూటిగా ఉండేది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, ఫ్యూజ్ నుంచి స్విచ్, స్విచ్ నుంచి బల్బు. వైరు పట్టుకొని పోతే బల్బు దొరికేది. ఇప్పటి కార్లలో చాలావాటికి స్టీరింగ్ పక్కన ఉన్న కాడ తిప్పితే ఆ స్విచ్‌లోంచి హెడ్‌లైట్ కరెంటు అసలు పారదు. "డ్రైవర్ లైట్ అడిగాడు" అన్న సమాచారం మాత్రమే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కు, అంటే బీసీఎం అనే పెట్టెకు చేరుతుంది. బల్బును వెలిగించేది ఆ పెట్టె. ఇంజన్‌కు ఒక పెట్టె, ఏబీఎస్‌కు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, మీటర్ బోర్డుకు ఒకటి. వీటిని ఈసీయూలు అంటారు.

ఇన్ని పెట్టెలు మాట్లాడుకోవడానికి ఒక్కోదాని నుంచి ఒక్కోదానికి విడిగా వైర్లు లాగితే కారు నిండా రాగే ఉంటుంది. ఆ బరువు తప్పించడానికి జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1983లో ఒక పద్ధతి మీద పని మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్‌లో ఇంజనీర్ల సదస్సులో బయటపెట్టింది. అదే క్యాన్, అంటే కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. 1993లో ఐఎస్ఓ 11898 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఒకదానికొకటి మెలిపెట్టిన రెండు వైర్లు, క్యాన్ హై, క్యాన్ లో. ఎవరూ మాట్లాడనప్పుడు రెండింటి మీదా దాదాపు 2.5 వోల్టులు ఉంటాయి. మాట్లాడేటప్పుడు హై 3.5కు లేస్తుంది, లో 1.5కు దిగుతుంది. వినే పెట్టె చూసేది ఆ రెండింటి మధ్య తేడానే. బయటి నుంచి ఏ అలజడి వచ్చినా రెండు వైర్లకూ సమానంగా తగులుతుంది కాబట్టి తేడా చెదరదు. వైర్లను మెలిపెట్టింది అందుకే. జాయింట్ కొట్టడానికి ఆ మెలికను జానెడు పొడవున విప్పేస్తే ఆ రక్షణ అక్కడ పోతుంది.

ఇక మాట్లాడే తీరు చూస్తే రచ్చబండ దగ్గరి పంచాయితీయే. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది, ఎవరికి పనికొచ్చే మాట వాళ్లు పట్టుకుంటారు. ప్రతి సందేశానికి ముందు ఒక నంబరు, వెనక ఎనిమిది బైట్ల దాకా సమాచారం. మామూలు క్యాన్‌లో ఆ నంబరు 0 నుంచి 2047 దాకా ఉంటుంది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే చిన్న నంబరుదే గెలుపు, పెద్ద నంబరువాడు ఆగి మళ్లీ ప్రయత్నిస్తాడు. అందుకే కంపెనీలు సాధారణంగా బ్రేకు, ఇంజన్ సందేశాలకు చిన్న నంబర్లు, అద్దాల సందేశాలకు పెద్ద నంబర్లు ఇస్తాయి. సెకనుకు 5 లక్షల బిట్ల వేగం మీద నిండు సందేశాలు సెకనుకు నాలుగు వేల దాకా పోతాయి.

పంచాయితీకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది, అసలు గొడవంతా దాని చుట్టూనే. అక్కడ మాట్లాడే మనిషి ముఖం కనిపిస్తుంది. క్యాన్‌లో సందేశం నంబరు తప్ప పంపినవాడి గుర్తు ఏదీ ఉండదు. ఇంజన్ నంబరు వేసుకొని వేరే పెట్టె మాట్లాడినా వినేవాళ్లు నమ్మేస్తారు. 1980లలో కారు తలుపు తాళం వేస్తే లోపలి వైర్లు భద్రమే అనుకున్నారు కాబట్టి ఆ పట్టింపు పెట్టలేదు.

టెస్ట్ లాంప్ పాతకాలపు పనిముట్టు

ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రీషియన్ జేబులో చూసినా టెస్ట్ లాంప్ ఉంటుంది. ముల్లు ఒకవైపు, క్లిప్పు ఒకవైపు, మధ్యలో 12 వోల్టుల చిన్న బల్బు. క్లిప్పును బాడీకి పెట్టి ముల్లుతో వైరు తొక్క గుచ్చితే సప్లై ఉందో లేదో క్షణంలో తేలిపోతుంది. పాత బండ్లలో దీనికి మించిన పనిముట్టు లేదు.

ఆ ముల్లు క్యాన్ వైరులో గుచ్చితే కథ మారుతుంది. 5 వాట్ల బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధం దాదాపు 29 ఓమ్‌లు, కానీ చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు దగ్గర. 2.5 వోల్టులకు ఆ బల్బు వెలగదు, చల్లగానే ఉండిపోతుంది. అంటే ఆ వైరును నేరుగా బాడీకి ఎర్త్ చేసినట్టే లెక్క. సందేశాలు చెదిరిపోతాయి, మీటర్ బోర్డులో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ లైట్లు ఒకదాని వెంట ఒకటి పడతాయి, కొన్ని బండ్లు స్టార్ట్ కావు. ముల్లు తీసేస్తే చాలాసార్లు అన్నీ మామూలవుతాయి. కానీ లోపాలు చదివే స్కానర్ పెడితే ఫలానా పెట్టెతో సంబంధం తెగింది అనే కోడ్‌లు, యూ0100, యూ0121 లాంటివి, మెమరీలో కనిపిస్తాయి. సర్వీస్ సెంటర్ పట్టుకునే ఆనవాళ్లలో ఇదొకటి.

ఈ వైర్ల ఆరోగ్యం చూడటానికి మల్టీమీటర్ చాలు. నెట్‌వర్క్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. అవి సమాంతరంగా ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీసి కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒకవైపు ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు కలిశాయి. ఇంజన్ బేలో ఎలుకలు కొరికిన కేసుల్లో మొదట తేలేది ఇక్కడే.

వినడం: స్కానర్ పోర్టులో ఏం అడుగుతాం, ఏం వస్తుంది

స్టీరింగ్ కింద 16 కాళ్ల సాకెట్ ఉంటుంది, ఓబీడీ (ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్) పోర్టు. మన దేశంలో కార్లకు ఓబీడీ–2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. క్యాన్ ఉన్న కార్లలో 6వ కాలు క్యాన్ హై, 14వ కాలు క్యాన్ లో, 16వ కాలికి బ్యాటరీ ప్లస్, 4, 5 కాళ్లకు ఎర్త్. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో ఇంజన్ వేగం చూసుకునేది ఇక్కడి నుంచే.

లోపల జరిగేది ఇదీ. అడాప్టర్ 2015 అనే నంబరుతో ఒక ప్రశ్న వదులుతుంది: 2, 1, 12. మొదటి అంకె "రెండు బైట్ల ప్రశ్న" అని, రెండోది "ఇప్పటి విలువ చెప్పు" అని, 12 అంటే "ఇంజన్ తిరిగే వేగం" అని. ఇంజన్ పెట్టె 2024 అనే నంబరుతో జవాబిస్తుంది: 4, 65, 12, 26, 248. ప్రశ్నలోని 1కి 64 కలిపితే 65, అది జవాబు అనడానికి గుర్తు. చివరి రెండు అంకెల్లో ఉంది అసలు విషయం. 26ను 256తో గుణించి 248 కలిపితే 6904, దాన్ని 4తో భాగిస్తే 1726. ఇంజన్ నిమిషానికి 1726 చుట్లు తిరుగుతోంది. ఈ లెక్క మారుతికైనా హ్యుందాయ్‌కైనా మహీంద్రాకైనా ఒకటే, ఎందుకంటే ఇది అందరికీ కలిపి రాసిన ప్రమాణం.

తలుపు తెరిచి ఉందా, ఏ గేరులో ఉంది, స్టీరింగ్ మీద ఏ బటన్ నొక్కారు వంటివి ఈ ప్రమాణంలో లేవు. అవి కంపెనీ సొంత సందేశాలు, ఏ నంబరులో ఏ బిట్‌కు ఏ అర్థమో బయట పెట్టరు. ఆసక్తి ఉన్నవాళ్లు పక్కన లాప్‌టాప్ పెట్టుకొని తలుపు తీస్తూ, వేస్తూ, ఏ నంబరులో ఏ అంకె మారిందో పట్టుకుంటారు. ఓపిక పనే తప్ప మాయ లేదు. కొన్ని మోడళ్లకు ఇలా పోగుచేసిన వివరాలు ఓపెన్ సోర్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

వినడం వరకైతే నష్టం దాదాపు ఉండదన్నది నిజమే, అయితే నిజంగా వింటూ మాత్రమే ఉంటేనే. ఎన్ఐటీ కుర్రాళ్లయినా, మరే ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలైనా ఈ ప్రయోగాలకు ఎక్కువగా వాడేది ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు, ఎంసీపీ2515 అనే చిప్ ఉన్న చిన్న మాడ్యూల్. ఆ మాడ్యూల్ మీద చాలావాటికి ఒక 120 ఓమ్‌ల రెసిస్టర్ ముందే ఉంటుంది, జంపర్ అనే చిన్న క్లిప్పు తీస్తే గానీ తెగదు. కారులో ఇప్పటికే రెండు ఉన్నాయి, ఇది మూడోది. 60కి సమాంతరంగా 120 కలిస్తే 40 ఓమ్‌లు. సంకేతం బలం తగ్గుతుంది. ఒక కారు దాన్ని తట్టుకుంటుంది, ఇంకో కారు అప్పుడప్పుడు లైట్లు పడుతూ సతాయిస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు చిప్‌కు గడియారంలా పనిచేసే క్రిస్టల్‌ది. కొన్ని మాడ్యూళ్ల మీద 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే కోడ్‌లో 16 అని రాసి ఉంటుంది. అప్పుడు బోర్డు 5 లక్షల వేగాన్ని సగం వేగంతో వినడానికి చూస్తుంది. దానికి వచ్చే ప్రతి సందేశమూ తప్పులాగే కనిపిస్తుంది. క్యాన్ నియమం ప్రకారం తప్పు కనబడితే ఎవరైనా సరే "తప్పు" అని లైన్ మీదే అరవాలి. ఆ అరుపు మిగతావాళ్లు వింటున్న మంచి సందేశాన్ని చెడగొడుతుంది. లోపల తప్పుల లెక్క 127 దాటాక ఆ బోర్డు గొంతు తగ్గుతుంది, కానీ ఈలోపే కారు పెట్టెలు తలోవైపు కోడ్‌లు రాసుకుంటాయి. ఇందుకే ఆ చిప్‌లో నోరు మూసుకొని వినే మోడ్ విడిగా పెట్టారు. దాన్ని ఆన్ చేయని "వినడం" అసలు వినడమే కాదు.

స్టీరియో వెనక చిన్న నల్ల డబ్బా

ఇక జనం ఎక్కువగా వేయించుకునే ఆండ్రాయిడ్ స్టీరియో. దీనితో వచ్చే వైరింగ్‌లో కొన్ని కార్లకు అగ్గిపెట్టె సైజు డబ్బా ఒకటి ఉంటుంది. షాపువాళ్లు దాన్ని క్యాన్ బాక్స్ అంటారు. కారు క్యాన్ సందేశాలు విని "వాల్యూమ్ పెంచు", "రివర్స్ గేరు పడింది" లాంటివాటిని స్టీరియోకు అర్థమయ్యేలా మారుస్తుంది. కొన్ని కార్లలో తిరిగి మాట్లాడుతుంది కూడా, మీటర్ బోర్డులో పాట పేరు చూపించడానికో, ఒరిజినల్ స్టీరియో ఉన్నట్టే మిగతా పెట్టెలను నమ్మించడానికో.

అన్ని కార్లకూ ఈ డబ్బా అవసరం లేదు. మన దగ్గర అమ్ముడయ్యే చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగ్ బటన్లకూ క్యాన్‌కూ సంబంధమే ఉండదు. ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్, అన్నీ ఒకే వైరు మీద. ఏ బటన్ నొక్కితే ఆ వైరు మీద అంత వోల్టేజీ. స్టీరియోకు ఒక్కో బటన్ నొక్కి నేర్పిస్తే సరిపోతుంది. ఈ రెండు రకాల కార్లకూ షాపు బిల్లు మీద రాసేది మాత్రం ఒక్కటే, "ప్లగ్ అండ్ ప్లే".

కప్లర్ పద్ధతి గొప్పతనం నిజమే. ఒరిజినల్ వైరింగ్ చెక్కుచెదరదు, రేపు కారు అమ్మేటప్పుడు తీసి పాతది పెట్టుకోవచ్చు, టేపు చుట్టిన జాయింట్లు ఊడే బాధ ఉండదు. కోసి కలిపే పనితో పోలిస్తే నూటికి నూరుపాళ్లు మేలు. అయితే కప్లర్ వైరును కాపాడుతుంది, నెట్‌వర్క్‌ను కాపాడే బాధ్యత దానిది కాదు. నాసిరకం డబ్బా కప్లర్ గుండా వెళ్లినా పిచ్చి సందేశాలే పంపుతుంది.

దీని ప్రభావం ఎక్కువగా కనబడేది పార్క్ చేసిన కారులో. తాళం వేశాక కొద్ది నిమిషాలకు పెట్టెలన్నీ నిద్రపోవాలి. అప్పుడు కారు లాగేది కొన్ని పదుల మిల్లీఆంపియర్లు, 30 అనుకుందాం. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఆ లెక్కన నెలన్నర మించి వస్తుంది. ఒక డబ్బా నిద్రపోకుండా లైన్ మీద మాట్లాడుతూ ఉంటే మిగతా పెట్టెలూ మేలుకొనే ఉంటాయి. మొత్తం 300 మిల్లీఆంపియర్లు లాగిందనుకోండి, 35ని 0.3తో భాగిస్తే 117 గంటలు, అయిదు రోజుల లోపు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకముందే సెల్ఫ్ తిరగడం మానేస్తుంది కాబట్టి మూడో రోజుకే తోపుడు బండి. కారు కాజీపేట స్టేషన్ దగ్గర పెట్టి రైలెక్కి ఊరెళ్లి వచ్చినవాళ్లు ముందు బ్యాటరీ కంపెనీని తిడతారు.

కరెంటు తీసుకోవడం: మంట పుట్టేది ఇక్కడ

క్యాన్ గురించి ఇంత చెప్పుకున్నా, నా లెక్కలో ఎక్కువ భయపడాల్సింది సాదాసీదా కరెంటు జాయింట్లకే. నెట్‌వర్క్ చెడితే కారు ఆగుతుంది. కరెంటు చెడితే కారు కాలుతుంది.

ములుగు దాటి పస్రా, తాడ్వాయి అడవి గుండా రాత్రిపూట పోయేవాళ్లకు ఎక్కువ వెలుగు కావాలన్న కోరిక అర్థమయ్యేదే. మేడారం జాతర ఏడాది అయితే చెప్పనక్కర్లేదు. ఒరిజినల్ హాలోజన్ బల్బు 60/55 వాట్లు, అంటే హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55. దాని స్థానంలో 100/90 పెడతారు. హై బీమ్‌లో బల్బుకు 5 ఆంపియర్లు పారే చోట ఇప్పుడు 8.3. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 8.3ని 5తో భాగించి ఆ వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. దాదాపు 2.8 రెట్లు. బల్బు వాట్లు రెండింతలు కూడా కాలేదు, వైరు వేడి మాత్రం మూడింతలకు దగ్గరైంది. హోల్డర్ ప్లాస్టిక్ కరగడం అక్కడ మొదలవుతుంది.

చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్, రిలే, ఈ సమస్యకు పాత, మంచి పరిష్కారం. నాలుగు కాళ్లు: 85, 86 మధ్య చిన్న కాయిల్, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ గుండా లావు వైరు, 87 నుంచి బల్బుకు. కాయిల్ తీసుకునేది 150 మిల్లీఆంపియర్ల దగ్గర. పాత సర్క్యూట్ మీద అంతే బరువు పడుతుంది, అసలు కరెంటు కొత్త వైరు మోస్తుంది. ఫ్యూజ్ బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజ్‌కూ మధ్య ఉన్న వైరును కాపాడేవాళ్లు ఎవరూ లేరు. ఫ్యూజ్‌ను సీటు కింద పెట్టి ఆ మధ్య దూరాన్ని ఇంజన్ బే ఇనుము అంచుల మీదుగా లాగిన ఆంప్లిఫయర్ వైరింగులు ఎన్నో.

రిలే కూడా కొత్త కార్లలో ఒక్కోసారి తికమక పడుతుంది. కొన్ని బీసీఎంలు బల్బుకు కరెంటును నిలకడగా ఇవ్వవు, సెకనుకు వందసార్లు ఆపుతూ ఇస్తూ వెలుగును అదుపు చేస్తాయి. ఆ వైరును రిలే కాయిల్‌కు కలిపితే రిలే టకటకలాడుతుంది.

"క్యాన్‌బస్ ఎల్ఈడీ" అని అట్ట మీద రాసే బల్బుల సంగతి మరీ తమాషా. వాటికి క్యాన్ సందేశాలతో ఏ సంబంధమూ లేదు. ఇండికేటర్‌లో మామూలు బల్బు 21 వాట్లు, 1.75 ఆంపియర్లు. 3 వాట్ల ఎల్ఈడీ తీసుకునేది పావు ఆంపియర్. అంత తక్కువ పారితే బల్బు పోయిందని బీసీఎం అనుకొని ఇండికేటర్‌ను గబగబా కొట్టిస్తుంది. దాన్ని మభ్యపెట్టడానికి బల్బుకు పక్కన 6 ఓమ్‌ల రెసిస్టర్ కలుపుతారు. 12 వోల్టులకు 2 ఆంపియర్లు, 24 వాట్లు. కరెంటు పొదుపు కోసం ఎల్ఈడీ పెట్టి, ఆ పొదుపునంతా వేడిగా తగలేసే ఏర్పాటు ఇది. ఆ రెసిస్టర్‌ను ప్లాస్టిక్ బంపర్‌కు టేపుతో అంటించిన పనులు కూడా కనబడతాయి.

మాట్లాడటం: పెడల్ పెట్టె నుంచి దొంగల దాకా

"పికప్ పెరుగుతది" అని అమ్మే పెడల్ బాక్స్‌ను చాలామంది ఇంజన్ ట్యూనింగ్ అనుకుంటారు. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌కు కేబుల్ లేదు, రెండు సెన్సర్లున్నాయి. ఉదాహరణకు ఒకటి 2 వోల్టులు చెబితే రెండోది సరిగ్గా సగం, 1 వోల్టు చెప్పాలి. నిష్పత్తి తప్పితే ఇంజన్ పెట్టె దేన్నీ నమ్మకుండా వేగాన్ని కట్టడి చేస్తుంది, లింప్ మోడ్ అనేది అదే. పెడల్ బాక్స్ మధ్యలో కూర్చొని, కాలు 30 శాతం నొక్కితే 50 శాతం నొక్కినట్టు రెండు వోల్టేజీలనూ కలిపి పెంచి చెబుతుంది. ఇంజన్ శక్తి పూచికపుల్లంత కూడా పెరగదు, ఆఖరి దాకా నొక్కితే వచ్చేది ఎప్పుడూ వచ్చేదే. ట్యాక్సీలకు 80 కిలోమీటర్ల దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్లలో కొన్ని చేసేదీ ఇదే పని, కాకపోతే తగ్గించి చెబుతాయి.

ఇక క్యాన్ మీదే దొంగ మాట మాట్లాడితే? 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో రోడ్డు మీద పోతున్న జీప్ చెరోకీని దాని స్టీరియోకున్న ఇంటర్నెట్ గుండా చేరి, అక్కడి నుంచి క్యాన్‌లోకి సందేశాలు పంపి ఆపి చూపించారు. ఆ తర్వాత కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. 2023లో భద్రతా పరిశోధకుడు కెన్ టిండెల్ వివరించిన దొంగతనం పద్ధతిలో ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. బంపర్ లాగి హెడ్‌లైట్ కప్లర్ వెనకున్న క్యాన్ వైర్లను అందుకొని, బ్లూటూత్ స్పీకర్ డబ్బాలో దాచిన పరికరంతో "తాళంచెవి సరైనదే" అన్న సందేశం పంపితే తలుపులు తెరుచుకున్నాయి.

దీన్ని చూసి వరంగల్‌లో స్టీరియో వేయించుకున్నవాళ్లంతా హడలిపోనక్కర్లేదు. కానీ సిమ్ కార్డు పెట్టి, ఎక్కడెక్కడి యాప్‌లో అన్నీ ఎక్కించిన ఆండ్రాయిడ్ స్టీరియోను మాట్లాడే క్యాన్ బాక్స్‌కు కలిపితే దారి ఒకటి తెరిచినట్టే అని భద్రతా నిపుణులు చెప్పే మాటను కొట్టిపారేయలేం. షాపువాళ్ల జవాబులోనూ పస ఉంది: చాలా డబ్బాలకు నాలుగైదు సందేశాలకు మించి పంపే తెలివి లేదు, చాలా కార్లలో స్టీరియో వైపు నెట్‌వర్క్‌కూ ఇంజన్ నెట్‌వర్క్‌కూ మధ్య గేట్‌వే పెట్టె కాపలా ఉంటుంది. ఏ కారులో ఎలా ఉందో చూడకుండా ఇద్దరి మాటా సగమే.

చట్టం, వారంటీ, ఇన్సూరెన్స్: మూడూ వేరు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ "మార్పు" అంటే వాహన నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారడం అని చెబుతుంది. తయారీదారు అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ వెలుగులో చూస్తే స్టీరియో మార్పును మౌలిక లక్షణం మార్పు అనడం కష్టం. గవర్నర్ వైరు తెంపడం, లైట్లను ప్రమాణం దాటించడం మాత్రం సులువుగా చిక్కే పనులు. సీటు బెల్టు హెచ్చరికను నోరు మూయించే క్లిప్పుల విషయంలో 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అయిదు ఈ–కామర్స్ సంస్థలకు వాటిని అమ్మకం నుంచి తీసేయమని ఆదేశాలిచ్చింది.

వారంటీ చట్టం కాదు, కంపెనీకీ కొన్నవాళ్లకూ మధ్య ఒప్పందం. స్టీరియో మారిస్తే గేర్‌బాక్స్ వారంటీ పోయిందనడానికి తర్కం దొరకదు. కానీ ఎలక్ట్రికల్ ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ లైన్ మీద బయటి జాయింట్ కనబడితే, అది కారణం కాదని చూపించాల్సిన బరువు ఆచరణలో మన నెత్తినే పడుతుంది. కప్లర్ వల్ల ఇక్కడ లాభం ఉంది: తీసేసి చూపించవచ్చు.

ఇన్సూరెన్స్‌లో చాలామందికి తెలియని దారి ఒకటుంది. కంపెనీ బిగించని ఎలక్ట్రికల్ వస్తువులను పాలసీలో చేర్చుకోవడానికి మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ–24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) ఉంది, ప్రీమియం వస్తువు విలువలో 4 శాతం. 30,000 స్టీరియోకు ఏడాదికి 1,200. చెప్పకుండా పెట్టుకున్న వైరింగ్ వల్ల మంట వచ్చిందని సర్వేయర్ రాస్తే వచ్చే తలనొప్పితో పోలిస్తే ఎక్కువేం కాదు.

కారు నాది, మాటలు ఎవరివి?

కంపెనీలు ఈ నెట్‌వర్క్‌కు ఇప్పుడు తాళాలు వేస్తున్నాయి. ఫియట్ క్రిస్లర్ (ఇప్పుడు స్టెల్లాంటిస్) 2018 మోడళ్ల నుంచి గేట్‌వే పెట్టి, నమోదు కాని స్కానర్‌ను చదవనిస్తుంది గానీ ఆదేశాలివ్వనివ్వదు. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త వాహనాలన్నిటికీ సైబర్ భద్రత నిబంధన, యూఎన్ ఆర్155, తప్పనిసరైంది. కొన్ని కొత్త కార్లలో ముఖ్యమైన సందేశాలకు రహస్య సంతకం జతచేస్తున్నారు. సంతకం సరిపోకపోతే వినే పెట్టె ఆ మాటను పట్టించుకోదు.

దొంగలకు, కొంటె ప్రయోగాలకు ఇది అడ్డుకట్టే. ఆటోనగర్ మెకానిక్‌కు కూడా అడ్డుకట్టే. మన దేశంలో ఈ గొడవ ముందే మొదలైంది: విడిభాగాలు, డయాగ్నస్టిక్ పనిముట్లు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసి, వాటిని బయట అందుబాటులో ఉంచమంది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. ఎవరైనా ఆదేశాలివ్వగలిగితే బ్రేకుల బాధ్యత ఎవరిదన్నది కంపెనీల ప్రశ్న. కొత్త బ్యాటరీ పెడితే దాన్ని నమోదు చేయడానికి కూడా షోరూముకే పోవాలా అన్నది గ్యారేజీల ప్రశ్న. చదవడం అందరికీ, రాయడం నమోదైన వాళ్లకు, ఆ నమోదు చిన్న గ్యారేజీకి అందే ధరలో అన్నది మధ్యేమార్గంగా వినబడుతోంది. అందులో మొదటి రెండు సాంకేతికంగా తేలిక. ధర దగ్గరే పేచీ.

డెకార్ షాపుల కేటలాగుల్లో ఈ మార్పు ఇప్పటికే కనిపిస్తోంది. ఒకే మోడల్ కారుకు ఫలానా ఏడాది వరకు ఒక క్యాన్ బాక్స్, ఆ తర్వాత వేరొకటి అని విడివిడిగా రాస్తున్నారు. అందుకే బుకింగ్ ఫోన్లో షాపువాళ్లు ఇప్పుడు కారు పేరు కంటే ముందు, తయారైన నెల, ఏడాది అడుగుతున్నారు.